ఆడాలంటే అక్కడే దిగాలి!

అమెరికాలో పిల్లల్ని క్లబ్‌ వాలీబాల్‌లోనో, సాకర్‌లోనో, బేస్‌బాల్‌లోనో చేర్పించి రెండు సీజన్లు దాటిన తెలుగు తల్లిదండ్రులకు ‘స్టే టు ప్లే’ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాదే చేర్పించాలనుకుంటున్నవాళ్లు మాత్రం ముందే తెలుసుకోవడం మంచిది. ఊరు దాటి వెళ్లి ఆడే పెద్ద టోర్నమెంట్లలో చాలావాటికి ఈ నిబంధన ఉంటుంది. జట్టులోని కుటుంబాలన్నీ నిర్వాహకుల జాబితాలో ఉన్న హోటళ్లలోనే దిగాలి. గదులు కూడా వాళ్లు చెప్పిన వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి. అలా చేయకపోతే జట్టు మొత్తాన్నీ టోర్నమెంట్‌లోంచి తీసేసే హక్కు తమకుందని నిబంధనల్లో రాసి పెట్టుకుంటారు. మన దగ్గర కొన్ని ప్రైవేటు బడులు ‘పుస్తకాలు, యూనిఫాం మా దగ్గరే కొనాలి’ అంటాయి చూడండి, అచ్చం అలాంటిదే. అక్కడ బడి మారితే తప్ప దారి లేదు. ఇక్కడ ఆట మానితే తప్ప దారి లేదు.

ఇది ఎవరికైనా ఇబ్బందే కానీ మనవాళ్లకు ఇంకో రకంగా కూడా గుచ్చుకుంటుంది. డాలస్‌, హ్యూస్టన్‌, అట్లాంటా, ఒర్లాండో... టోర్నమెంట్‌ ఎక్కడ పెట్టినా ఆ ఊళ్లో మనకో బాబాయో, బావమరిదో, ఇంజినీరింగ్‌ క్లాస్‌మేటో ఉంటాడు. ‘మా ఇల్లుండగా హోటల్లో దిగుతారా?’ అని నిష్ఠూరమాడతాడు. నిబంధన ఇదీ అని చెబితే నమ్మడు, సాకు అనుకుంటాడు. దగ్గరి ఊళ్ల జట్లకు మినహాయింపు ఉంటుంది. సాధారణంగా యాభై నుంచి తొంభై మైళ్ల లోపు వాళ్లకు ఇస్తారు. అయితే ఆ దూరం మన జట్టు ఉండే ఊరి నుంచి కొలుస్తారు. బాబాయి ఇల్లు స్టేడియం పక్కనే ఉన్నా లెక్కలోకి రాదు. బంధువుల ఇంట్లో దిగేవాళ్లకు కొన్ని టోర్నమెంట్లు విడిగా ఒక ఫారం ఇస్తాయి. కొన్ని ఇవ్వవు. అడిగితేనే బయటపెట్టేవీ ఉన్నాయి.

ఇక అమ్మానాన్నలు విజిటర్‌ వీసా మీద వచ్చి ఉంటే చెప్పనక్కర్లేదు. అయిదుగురికి రెండు క్వీన్‌ బెడ్లు. పొద్దున్నే లాబీలో ఇచ్చే వాఫుల్స్‌, సాసేజీలు చూసి మా అమ్మ మొహం తిప్పేసుకుంటుంది. వంటగది ఉన్న హోటల్‌ తీసుకుందామంటే జాబితాలో ఒకటో రెండో ఉంటాయి, అవి తెరిచిన గంటలోనే అయిపోతాయి. అందుకే ఏ వాలీబాల్‌ టోర్నమెంట్‌కి వెళ్లినా మన కుటుంబం ఏ గదిలో ఉందో రైస్‌ కుక్కర్‌ వాసనే చెబుతుంది. (పోపు జోలికి మాత్రం వెళ్లకండి, స్మోక్‌ అలారం చాలా సున్నితం.)

డబ్బు సంగతికొద్దాం. మొన్న వసంతంలో హ్యూస్టన్‌ వెళ్లినప్పుడు టోర్నమెంట్‌ జాబితాలో గది రాత్రికి 219 డాలర్లు. అదే హోటల్‌, అవే తేదీలు, మామూలుగా వెతికితే 164. హ్యూస్టన్‌లో హోటల్‌ మీద రాష్ట్రం, నగరం, కౌంటీ, స్పోర్ట్స్‌ అథారిటీ పన్నులన్నీ కలిపి 17 శాతం. రెండు రాత్రులకు తేడా దాదాపు 129 డాలర్లు. మొత్తం గది ఖర్చు 512 డాలర్లు. ఆ లెక్కన సీజన్‌లో ఆరు టోర్నమెంట్లంటే గదులకే మూడు వేలు దాటుతుంది. క్లబ్‌ ఫీజు, పెట్రోలు, తిండి, ప్రేక్షకులుగా మనకు పెట్టే గేటు టికెట్టు వేరు. అవును, మన పిల్ల ఆట మనం చూడటానికి కూడా టికెట్టే. ఆస్పెన్‌ ఇన్‌స్టిట్యూట్‌ వారి ప్రాజెక్ట్‌ ప్లే సర్వే ప్రకారం 2024లో అమెరికన్‌ కుటుంబం పిల్లల ప్రధాన క్రీడ మీద సగటున 1,016 డాలర్లు ఖర్చు చేసింది. 2019తో పోలిస్తే 46 శాతం ఎక్కువ. ఊరి పార్కులో ఆడేవాళ్లు కూడా ఆ సగటులో ఉన్నారు కాబట్టి సరిపోయింది. క్లబ్‌ తల్లిదండ్రులకు వినిపిస్తే నవ్వుతారు.

మరి ఆ తేడా ఎటు పోతోంది? నిర్వాహకులు ముందుగా ఒక హౌసింగ్‌ కంపెనీతో ఒప్పందం చేసుకుంటారు. ఆ కంపెనీ ఊళ్లోని హోటళ్లతో మాట్లాడి వందల గదులు పట్టి పెడుతుంది. దీన్నే బ్లాక్‌ అంటారు. హోటల్‌ ప్రతి గది మీద హౌసింగ్‌ కంపెనీకి కమీషన్‌ ఇస్తుంది. రాత్రికి ఇన్ని డాలర్లని టోర్నమెంట్‌కి కూడా ‘రిబేట్‌’ ఇచ్చే పద్ధతి ఉంది. నిర్ణీత సంఖ్యలో గదులు నిండితే సిబ్బందికీ రిఫరీలకూ కొన్ని గదులు ఉచితం. ఇవన్నీ గది అద్దెలోనే కలిసి ఉంటాయి. బుకింగ్‌ పేజీలో విడిగా కనిపించవు. పట్టిపెట్టిన గదుల్లో ఒప్పుకున్నన్ని నిండకపోతే హోటల్‌కి నష్టపరిహారం కట్టాలన్న షరతు కూడా చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మనల్ని ఎందుకంత గట్టిగా పట్టుకుంటారో ఇప్పుడు అర్థమైందిగా!

ఇందులో నగరాలకూ వాటా ఉంది. తమ ఊళ్లో టోర్నమెంట్‌ పెడితే ఇన్ని గదులు నిండాయని లెక్క చూపిస్తే, పర్యాటక బ్యూరోలు నిర్వాహకులకు గ్రాంట్లు ఇస్తాయి. టెక్సస్‌లో అయితే నగరాలు హోటల్‌ పన్నులో కొంత భాగాన్ని పర్యాటకుల్ని తెచ్చే క్రీడాపోటీలకు ఖర్చు పెట్టడానికి చట్టంలోనే వీలుంది. మనం బయట గది తీసుకున్నా పన్ను కడుతూనే ఉంటాం. కానీ ఆ గది ఏ టోర్నమెంట్‌ ఖాతాలోనూ పడదు.

నిర్వాహకుల వాదనలో పస లేదని అనను. కన్వెన్షన్‌ సెంటర్‌ అద్దె, రిఫరీలు, బీమా, అన్నీ పెరిగాయి. రిబేట్‌ లేకపోతే ఎంట్రీ ఫీజు పెంచాలంటారు. నిజంగా రద్దీగా ఉండే వారాంతాల్లో బ్లాక్‌ ధరే బయటికంటే తక్కువగా దొరికిన సందర్భాలూ నాకు తెలుసు. జట్టంతా ఒకే హోటల్లో ఉంటే పిల్లల సరదా కూడా వేరు. స్విమ్మింగ్‌ పూల్‌ దగ్గర వాళ్ల గోల విన్నవాళ్లెవరూ కాదనరు. నా అభ్యంతరం ఒక్కటే. ఖర్చుంటే ఎంట్రీ ఫీజులో చూపించి తీసుకోండి, హోటల్‌ బిల్లులో దాచడం ఎందుకు? మన తెలుగు సంఘాల మహాసభలకూ హోటల్‌ బ్లాకులుంటాయి. అంతమాత్రాన బావమరిది ఇంట్లో పడుకుని వచ్చినవాణ్ని గుమ్మం దగ్గర ఆపరు కదా! కొన్ని టోర్నమెంట్లు ఇప్పుడు ‘మా హోటల్లో దిగితే ఎంట్రీ ఫీజులో తగ్గింపు’ అనే పద్ధతికి మారాయి. అది బాగుంది. ఇష్టమైనవాళ్లు దిగుతారు.

కోర్టుల దాకా వెళ్లిన కథలూ ఉన్నాయి. చీర్‌లీడింగ్‌ పోటీలు నడిపే వార్సిటీ బ్రాండ్స్‌ మీద తల్లిదండ్రుల తరఫున టెన్నెసీ ఫెడరల్‌ కోర్టులో వేసిన గుత్తాధిపత్య దావాలో ఈ హోటల్‌ నిబంధన కూడా ఒక ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే ఆ కంపెనీ 2024లో 8.25 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఇంకోవైపు, 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ నిబంధన ప్రకారం హోటల్‌ వాళ్లు రిసార్ట్‌ ఫీజులాంటి తప్పనిసరి రుసుములన్నీ కలిపే మొదటి ధర చూపించాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం తర్వాత కలపవచ్చు. అయితే ‘ఈ హోటల్లోనే ఎందుకు దిగాలి’ అనే ప్రశ్నకు ఆ నిబంధనలో జవాబు లేదు.

డబ్బున్నవాళ్లు గొణుక్కుని కట్టేస్తారు. లేనివాళ్ల సంగతే నన్ను ఇది రాయించింది. నాకు తెలిసిన ఒక జట్టులో సెట్టర్‌గా ఆడే పదమూడేళ్ల తెలుగమ్మాయి ఉండేది. సీజన్‌ మధ్యలో వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. హెచ్‌1బి వాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రోజుల్లో ఇంట్లో ప్రతి డాలరూ లెక్కే. వేరే ఊళ్లో టోర్నమెంట్‌కి వాళ్లు పిన్ని ఇంట్లో దిగుతామన్నారు. నిర్వాహకుల నుంచి క్లబ్‌కి మెయిల్‌ వచ్చింది, మీ జట్టు గదులు తక్కువయ్యాయి, శుక్రవారం లోపు సరిచేయకపోతే స్థానం రద్దు అని. క్లబ్‌ ఆ మెయిల్‌ని అలాగే తల్లిదండ్రుల వాట్సాప్‌ గ్రూపులో పెట్టేసింది. ఎవరూ పేరెత్తలేదు. ‘అందరం రూల్స్‌ పాటిద్దాం ప్లీజ్‌’ అని మాత్రం ఇద్దరు రాశారు. రాత్రి పదకొండింటికి వాళ్లమ్మ ‘బుక్‌ చేశామండీ’ అని ఒక్క ముక్క పెట్టింది, క్రెడిట్‌ కార్డు మీద. ఆ గదిలో వాళ్లు పడుకున్నారో లేదో తెలియదు. తర్వాతి ఏడాది ట్రైఔట్స్‌కి ఆ పిల్ల రాలేదు.

అప్పటి నుంచి నేను ఎవరడిగినా ట్రైఔట్స్‌ అయ్యి, ఆఫర్‌ మీద సంతకం పెట్టే ముందే నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాను. ఈ సీజన్లో ఎన్ని టోర్నమెంట్లకు ‘స్టే టు ప్లే’ ఉంది? జట్టుకి కనీసం ఎన్ని గదులు చూపించాలి, లేక ప్రతి కుటుంబం తీసుకోవాల్సిందేనా? బంధువుల ఇంట్లో దిగేవాళ్లకు మినహాయింపు ఫారం ఉందా? డబ్బు కట్టి తప్పుకునే వీలుందా, ఎంత? రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. పన్నెండు మంది పిల్లల జట్టుకి ఎనిమిది గదులు చాలంటే, నాలుగు కుటుంబాలకు వెసులుబాటు ఉన్నట్టే. అది ఎవరికి ఇవ్వాలో తల్లిదండ్రులు గుట్టుగా సర్దుకోవచ్చు, గ్రూపులో ఎవరి పరువూ పోకుండా.

బుక్‌ చేసేటప్పుడు రద్దు షరతులు చదవండి. మామూలు బుకింగ్‌లో రెండు మూడు రోజుల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకోగలిగిన గదికి, బ్లాక్‌లో మొదటి రాత్రి డబ్బు తిరిగి రాదని ఉండొచ్చు. బయట అదే గది తక్కువకి కనిపిస్తే స్క్రీన్‌షాట్‌ తీసి హౌసింగ్‌ కంపెనీకి పంపండి. కొందరు ధర సరిచేస్తారు. హోటల్‌ పాయింట్లు పడతాయో లేదో కూడా అడగండి. ఆదివారం రాత్రికి మాత్రం తొందరపడి గది తీసుకోకండి. పొద్దుటి విడతో, మధ్యాహ్నం విడతో తేలే షెడ్యూల్‌ చాలా టోర్నమెంట్లలో కొద్ది రోజుల ముందుగానీ రాదు. చెకౌట్‌ పదకొండింటికి, ఆట రెండింటికి పడితే ముందు రోజు రాత్రే లేట్‌ చెకౌట్‌ అడిగి పెట్టుకోండి. పొద్దున అడిగితే జట్లన్నీ అదే వరుసలో నిలబడి ఉంటాయి.