ఎకరము వేరుసెనగ : విత్తననాటి లెక్క

అనంతపురము ప్రాంతమున రైతును వేరుసెనగ లాభించినదా అని అడిగినచో ముందుగా ధర సంగతియే చెప్పును. ధర ముఖ్యమే. కాని రెండు మూడెకరముల మెట్టభూమిని వానను నమ్ముకొని సేద్యము చేయు రైతుకు అసలు లెక్క మార్కెట్టు యార్డులో మొదలుకాదు. అది జూన్ నెలలో విత్తనము కొనునాడే మొదలగును. ఊరి సేద్యముతో నిత్యము సంబంధము గల పంచాయతీ సభ్యులకు ఈ లెక్క తెలిసియుండుట మేలని తలచి ఇచట కొంత వివరించుచున్నాము.

దీనిని రూపాయలలో గాక కాయలలోనే వేసి చూతము. గుత్తి రకములకు ఎకరమునకు సుమారు 60 కిలోల విత్తనపు పప్పు కావలెను. 100 కిలోల కాయలు ఒలిచినచో ఇంచుమించు 70 కిలోల పప్పు దిగును. కనుక 60 కిలోల పప్పునకు 86 కిలోల కాయలు పట్టును. అందులో తాలు, పగిలినవి, పైపొర ఊడినవి ఏరివేయగా, క్వింటాలు కాయలు లేనిదే ఎకరమునకు చాలినంత మంచి విత్తనము చేతికి రాదు. జొన్న వేయు రైతుకు ఎకరమునకు నాలుగు కిలోలు చాలును. వేరుసెనగ రైతు ఒక పెద్ద మూటనే మంటిలో పెట్టి ఆకాశము వంక చూడవలసియున్నది.

వానలు సకాలమున కురిసి ఎకరమునకు 8 క్వింటాళ్ల కాయలు పండినచో, అందు ఎనిమిదవ వంతు విత్తనము క్రింద పోయినట్లు. బెట్ట తగిలి 3 క్వింటాళ్లే వచ్చిన యేడు మూడవ వంతు పోయినట్లు. దుక్కి, ఎరువు, కలుపు, పెరుకుడు కూలి, కుటుంబ పోషణ, అప్పుమీది వడ్డీ అన్నియు మిగిలిన రెండు క్వింటాళ్ల నుండియే రావలెను. అట్టి యేడు అరుదు కాదు. ఈ ప్రాంతపు సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను సమముగా పడదు. ఊడలు దిగునపుడును, కాయ ఊరునపుడును మూడు వారములు చినుకు లేకపోయినచో, పిమ్మట ఎంత వాన కురిసినను ఆ నష్టము పూర్తిగా తీరదు.

మద్దతు ధర యున్నది గదా యని కొందరు అడుగుదురు. 2025-26 సంవత్సరపు ఖరీఫ్ పంటకు కేంద్ర ప్రభుత్వము క్వింటాలు కాయలకు 7,263 రూపాయలు ప్రకటించినది. ఉత్పత్తి వ్యయమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండ ఈ ధరను నిర్ణయించు విధానము 2018-19 బడ్జెటులో ప్రకటింపబడినది. అయితే ఆ వ్యయము దేశమంతటికి కట్టిన సగటు. ఎనిమిది క్వింటాళ్లు పండిన ఎకరమునకు ఈ ధర చొప్పున 58,104 రూపాయలు వచ్చును. మూడు క్వింటాళ్ల ఎకరమునకు 21,789 రూపాయలే. పెరుకుడు, కాయ కోత కూలి కొంత తగ్గినను, తక్కిన ఖర్చు రెండు ఏండ్లలోను ఒక్కటే. ధర పండిన కాయకే గాని పండని కాయకు రాదు. పండనిదానికి పంటల బీమా వేరుగా నున్నది. దాని గడువు తేదీని గ్రామమున చాటింపు వేయించుట మరువరాదు.

చిన్న రైతు తన చేతిలో నుంచుకొనగల ఖర్చు విత్తనమొక్కటే. విచారకరమైన విషయమేమనగా, ఆ మూట అతని ఇంటనుండియే వెళ్లి మరల అతని ఇంటికే వచ్చుచున్నది. కార్తీకమున బాకీల ఒత్తిడికి కాయలన్నియు అమ్మివేయును. జ్యేష్ఠమున అందరును ఒకేసారి విత్తనమునకు ఎగబడునపుడు హెచ్చు ధరకు కొనును. ప్రభుత్వము రాయితీపై విత్తనము పంచుట నిజమే. కాని ఎర్రనేలలో పదును మూడు నాలుగు దినములు మించి నిలువదు. అది వరుసలో నిలుచున్న రైతు కొరకు వేచియుండదు.

వేరుసెనగ తన పువ్వులో తానే ఫలించు పైరు. సంకర రకముల వలె ఏటేట క్రొత్త విత్తనము కొననక్కరలేదు. కదిరి పరిశోధన కేంద్రము నుండి వచ్చిన కదిరి-6 వంటి రకమును ఒకసారి మేలైనది తెచ్చి, కల్తీ మొక్కలను పెరికివేయుచుండినచో కొన్ని ఏండ్లు ఊరిలోనే నిలుపుకొనవచ్చును.

అందుకు అనువైనది రబీ పంట. ఖరీఫ్ కాయను జూన్ వరకు ఏడెనిమిది నెలలు దాచవలెను. ఈలోగా పురుగు తొలుచును. రబీ కాయ మార్చి, ఏప్రిల్ నెలలలో వచ్చును గనుక రెండు మూడు నెలలు కాపాడిన చాలును. నీటి వసతి గల రైతు ఒక ఎకరమున 10 క్వింటాళ్లు తీసినచో, అది పది ఎకరముల మెట్టకు విత్తనము. ఊరిలో అట్టి రైతులు ఇద్దరు ముగ్గురు ఉండకపోరు. వారికిని, విత్తనము కావలసినవారికిని పంచాయతీ పెద్దల సమక్షమున ముందే ధర కుదిర్చి వ్రాయించుట మంచిది. చేతిలో పైకము లేనివారికి కాయకు కాయ తిరిగియిచ్చు పద్ధతియును కలదు. మా అభిప్రాయమున చిన్న రైతుకు ఇదియే మేలు. కోతనాటి ధర పడిపోయినను బాకీ పెరుగదు.

ఆరబెట్టు విషయమొకటి చెప్పవలసియున్నది. పచ్చికాయ తూకము తూగునని పలువురు తొందరపడి అమ్ముదురు. నూటికి 20 పాళ్లు తేమయున్న క్వింటాలు కాయలను 8 పాళ్లకు ఆర్చినచో 87 కిలోలగును. వ్యాపారి ఈ 13 కిలోలను ఎరుగనివాడు కాడు. అంతకు మించియే కోయును. పైగా తేమ కాయకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. విత్తనపు కాయలను మాత్రము వేసవి యెండలో మాడ్చరాదు, నీడలో ఆరబెట్టవలెను. కాయగనే గోనెలలో నిలువచేసి, విత్తుటకు కొలది దినముల ముందు చేతితో ఒలిపించవలెను.

కట్టెను లెక్కలో వేయనివారు కలరు. కాయ తగ్గిన యేడు పశువును నిలుపునది అదియే. ఏడు సాళ్ల వేరుసెనగకు ఒక సాలు కంది వేసినచో బెట్టకు ఓర్చి కొంత ఆదాయము చేకూరును.

మే నెలాఖరున ప్రతి మూటనుండి నూరు గింజలు తీసి, తడి గోనెపట్టాలో చుట్టి, పట్టా ఆరకుండ చూచుచు, వారము నాటికి మొలకలు లెక్కింపుడు. డెబ్బదికి తక్కువ మొలచినచో ఆ మూటను గానుగకు పంపి, వాన రాకముందే వేరు విత్తనము చూచుకొనవలెను.