ఏడాది దాటిన బిడ్డ ఆకలి

ఏడాది నిండిన పిల్లలకు ఆకలి తగ్గుతుంది. మొన్నటిదాకా గిన్నె చప్పుడు వినగానే నోరు తెరిచిన బిడ్డ, మొదటి పుట్టినరోజు వెళ్లిన రెండు మూడు నెలలకే పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంటుంది. "అసలేమీ తినడం లేదండీ, రెండు ముద్దలకే లేచిపోతోంది" అన్నది పిల్లల డాక్టర్లు తరచుగా వినే మాట. నాయనమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేస్తుంది. తండ్రి ఆకలి పుట్టించే సిరప్ ఏదైనా ఉందా అని మందుల షాపులో అడుగుతాడు. తల్లికి మాత్రం తన వంటలోనో, తను ఆఫీసుకు వెళ్లడంలోనో లోపం ఉందేమోనన్న దిగులు. ఎక్కువమంది పిల్లల విషయంలో ఆ దిగులుకు ఆధారం లేదు. ఒళ్లు పెరిగే వేగం తగ్గింది, దానితోపాటు తిండి అవసరమూ తగ్గింది, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. మగబిడ్డ పుట్టినప్పుడు సుమారు 3.3 కిలోలు, ఏడాదికి 9.6, రెండేళ్లకు 12.2 కిలోలు ఉంటాడు. ఆడబిడ్డ లెక్క 3.2, 8.9, 11.5. మొదటి పన్నెండు నెలల్లో ఆరు కిలోల దాకా పెరిగిన బరువు, తర్వాతి పన్నెండు నెలల్లో రెండున్నర కిలోలకు అటూ ఇటూగా ఆగుతుంది. పొడవూ అంతే: మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు సాగిన బిడ్డ, రెండో ఏడాది అందులో సగమే సాగుతుంది. నెల బిడ్డ తాగే పాలలోని శక్తిలో దాదాపు 35 శాతం కొత్త కండకూ కొవ్వుకూ పోతుంది. ఏడాది నిండేసరికి ఎదుగుదలకు పట్టే వాటా 3 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా గుండె కొట్టుకోవడానికి, ఒంట్లో వేడి నిలవడానికి, మెదడుకు, ఇల్లంతా పరుగులు పెట్టడానికి.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,010 కిలోకేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే మగవాడికి కావలసినదానిలో ఇది సగం కన్నా తక్కువ. ఇది కూడా ఒకేసారి పట్టే చోటు ఆ చిన్న పొట్టలో లేదు. పొట్ట కొలతను కిలో బరువుకు 30 గ్రాముల చొప్పున వేస్తారు. పది కిలోల బిడ్డకు అది ఒక చిన్న గిన్నెడు. అందుకే ఈ వయసులో మూడు నాలుగు పూటల భోజనం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి పెట్టమంటారు. పెద్దల కంచంలో వడ్డించినట్టు వడ్డించి, మిగిలినదాన్ని చూసి బాధపడితే ఆ బాధకు అంతుండదు.

ఇంకో చిక్కు, ఒక పూట తిన్నది చూసి రోజంతా ఎంత తిన్నదీ చెప్పలేం. పొద్దున్న ఇడ్లీ మొత్తం తినేసి ఇంకోటి కావాలని చెయ్యి చాపిన బిడ్డే మధ్యాహ్నం పప్పన్నం రెండు ముద్దలకే చాలంటుంది. రాత్రి అరటిపండు ముక్కతో సరిపెట్టుకుంటుంది. అమెరికాలో లీన్ బర్చ్ బృందం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు 15 మంది తిన్నదంతా తూచి, 1991లో ఫలితాలు ప్రచురించింది. పూటకూ పూటకూ మధ్య తేడా సగటున 34 శాతం దాకా ఉంటే, రోజుకూ రోజుకూ మధ్య తేడా 10 శాతమే. ఒక పూట తగ్గినదాన్ని పిల్లలు తర్వాతి పూటల్లో తమంతట తామే పూడ్చుకుంటున్నారు. లెక్క కట్టే పని పెద్దలెవరూ నేర్పలేదు. ఆకలి, కడుపు నిండిన భావం అనే రెండు సంకేతాలు ఒంట్లో పుట్టుకతోనే ఉన్నాయి.

అంతకు చాలా ముందే క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు, తమకు కావలసిన తిండి పిల్లలకే తెలుసా అన్న ప్రశ్నను మరింత సాహసంగా అడిగింది. 1926లో క్లీవ్‌ల్యాండ్‌లో ఆమె ప్రయోగం మొదలైంది. ఆ తర్వాత షికాగోలో కొనసాగింది. పాలు తప్ప మరో ఆహారం రుచి తెలియని పసివాళ్ల ముందు పళ్లెంలో రకరకాల గిన్నెలు పెట్టేవారు. మొత్తం 34 పదార్థాల జాబితా: పాలు, గుడ్లు, మాంసం, చేప, ధాన్యాలు, కూరగాయలు, పళ్లు. చక్కెర లేదు, డబ్బా తిండి లేదు. పక్కన స్పూన్ పట్టుకుని నర్సు కూర్చునేది. బిడ్డ చెయ్యి చాపితేనో చూపిస్తేనో తప్ప ఆమె స్పూన్ కదపకూడదు, బాగుందనీ బాలేదనీ మొహంలో కూడా కనబడనీయకూడదు. పిల్లల ఎంపికలు ఒకరివి ఒకరితో కలవలేదు. ఒకే బిడ్డ ఒక వారం గుడ్ల మీద, మరో వారం పళ్ల మీద పడేది. అయినా 15 మందీ చక్కగా ఎదిగారని 1939 నివేదికలో ఆమె రాసింది. దీన్ని చదివి పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయమని అర్థం చేసుకోవడం పొరపాటు. ఆ 34 గిన్నెల్లో ఏది తిన్నా మంచిదే అయ్యేట్టు ముందే ఏర్పాటు చేసింది పెద్దవాళ్లు. ఎంత తినాలన్నది మాత్రం పిల్లల చేతిలో ఉంది. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎల్లిన్ సాటర్ తర్వాతి రోజుల్లో చెప్పిన పద్ధతి కూడా ఇదే: ఏమి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల బాధ్యత, ఎంత, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డ బాధ్యత.

ఆకలి తగ్గే వయసులోనే కొత్త తిండి మీద అనుమానం కూడా మొదలవుతుంది. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక ఏది పెట్టినా రుచి చూసిన బిడ్డ, ఏడాదిన్నర దాటాక ముద్దలో ఆకుపచ్చగా ఏదైనా కనిపిస్తే వేలితో ఏరి పక్కన పెడుతుంది. ఈ బెరుకు రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువగా ఉండి, తర్వాత సద్దుమణుగుతుంది. శాస్త్రవేత్తలు చెప్పే కారణం నమ్మదగ్గదిగానే ఉంది. చంకలో ఉన్నంతకాలం బిడ్డ నోట్లోకి వెళ్లేది తల్లి పెట్టినదే. నడక వచ్చాక ఏ కాయ దొరికితే ఆ కాయ నోట్లో పెట్టుకోగలదు. తెలియనిదాన్ని నమ్మకపోవడం ఒకప్పుడు ప్రాణాలు కాపాడిన గుణం. చేదంటే పుట్టుకతోనే అయిష్టం, తీపంటే పుట్టుకతోనే ఇష్టం కావడానికీ మూలం అదే. మొక్కల్లోని విషాల్లో చాలావాటి రుచి చేదు. కాకరకాయను ఉమ్మేసే బిడ్డ మొండిది కాదు.

ఈ బెరుకు పోయే దారి పరిచయమే. 1982లో లీన్ బర్చ్, డయాన్ మార్లిన్ రెండేళ్ల పిల్లలకు అంతకుముందు ఎరుగని చీజ్‌లూ పళ్లూ రెండు నుంచి ఇరవైసార్ల వరకు రుచి చూపించారు. ఎంత ఎక్కువసార్లు రుచి చూస్తే అంత ఇష్టం పెరిగింది. తర్వాతి పరిశోధనల్లోనూ ఒక కొత్త కూర అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు పడుతుందని తేలింది. ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. బీరకాయ కూర రెండుసార్లు ఉమ్మేస్తే, మా వాడికి బీరకాయ పడదని తీర్మానం అయిపోతుంది, ఆ కూర మళ్లీ వాడి కంచంలోకి రాదు. చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఇంట్లోవాళ్లు తింటున్న బీరకాయ కూరలోంచి కారం తగలని రెండు ముక్కలు, బిడ్డకు ఇష్టమైన పెరుగన్నం పక్కన పెట్టాలి. తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. చిదిమినా, వాసన చూసి కింద పారేసినా అదీ పరిచయమే. నాలుగు రోజులు పోయాక మళ్లీ రెండు ముక్కలు.

రుచుల పరిచయం నిజానికి కడుపులో ఉండగానే మొదలవుతుంది. అమెరికాలో జూలీ మెనెల్లా బృందం చివరి నెలల గర్భిణులతో మూడు వారాలపాటు వారానికి నాలుగు రోజులు క్యారెట్ రసం తాగించింది. వాళ్ల పిల్లలు తర్వాత క్యారెట్ రుచి కలిసిన తిండిని మిగతా పిల్లలకన్నా ఇబ్బంది పడకుండా తిన్నారని 2001లో ప్రకటించింది. తల్లి తిన్న తిండి వాసనలు ఉమ్మనీటిలోకీ చనుబాలలోకీ చేరతాయి. బాలింతకు పత్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టడం, తల్లి ఒంటికే కాదు, బిడ్డ రుచులకూ నష్టం.

బలవంతం పనిచేయదు. బడికి ముందు వయసు పిల్లల మీద జరిగిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తాగెయ్యి తాగెయ్యి అని వెంటపడినప్పటి కన్నా ఊరికే ముందు పెట్టి వదిలేసినప్పుడు పిల్లలు సూప్ ఎక్కువ తాగారు. వెంటపడి తాగించిన సూప్ మీద ఫిర్యాదులూ ఎక్కువే. ముక్కు మూసి నోట్లో కుక్కడంలో ఇంకో ప్రమాదం ఉంది, ముద్ద ఊపిరితిత్తుల దారిలోకి జారవచ్చు. ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపించడం ఇప్పుడు ఇంటింటి పద్ధతి అయింది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన కాలానికీ దీనికీ తేడా ఏముంది అని అడిగేవారున్నారు. తేడా చాలా ఉంది. గోరుముద్ద పెట్టే తల్లి కళ్లు బిడ్డ మొహం మీద ఉంటాయి, బిడ్డ కళ్లు ఆమె చేతి మీదికి వచ్చి పోతుంటాయి, మధ్యలో మాట నడుస్తుంది, చాలన్నప్పుడు తెలుస్తుంది. ఫోన్ ముందు బిడ్డకు తను తింటున్నట్టే తెలియదు. నోరు తెరుచుకోవడం, మూసుకోవడం జరిగిపోతుంది, కడుపు నిండిన సంకేతాన్ని గమనించే అలవాటు పోతుంది.

బిడ్డ సైగలు చూసి తినిపించడం ఎంత మేలు చేస్తుందో తెలుగు నేల మీదే పరీక్షించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాలను మూడు జట్లుగా విభజించి, బిడ్డకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా తల్లుల ఇళ్లకు వెళ్లారు. ఒక జట్టు తల్లులకు ఏయే తిండి ఎప్పుడు పెట్టాలో చెప్పారు. ఇంకో జట్టుకు దానితోపాటు బిడ్డ సైగలు గుర్తుపట్టి, మాట్లాడుతూ, ఆడిస్తూ తినిపించడం కూడా నేర్పారు. మూడో జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే. 2013లో వచ్చిన ఫలితాల్లో, సలహాలు అందిన రెండు జట్ల పిల్లలకూ పోషకాలు మెరుగ్గా అందాయి. ఏమి పెట్టాలో మాత్రమే చెప్పిన జట్టులో గిడసబారడం తగ్గింది. ఆడిస్తూ తినిపించిన జట్టు పిల్లలు మానసిక వికాసంలో ముందున్నారు.

ముద్దల లెక్క కన్నా పట్టించుకోవలసింది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో దేశంలో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇక్కడ తల్లిదండ్రులు మంచిదనుకుని చేసే ఒక పని ఎదురుతిరుగుతుంది. అన్నం తినలేదని సీసా నిండా పాలు పడతారు. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా అందులోని కాల్షియం వేరే తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గేదెపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండి, తర్వాతి పూట ముద్ద దిగదు. ముద్ద దిగలేదని మళ్లీ పాలు. ఏడాది దాటిన బిడ్డకు రోజు మొత్తం మీద అర లీటరుకు మించి పై పాలు అక్కర్లేదు. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆపైనా ఇవ్వవచ్చు. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు ఇంకా చెడ్డది. టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి, బిస్కెట్‌లోని చక్కెర ఆకలిని చంపేస్తుంది. గుడ్డు, మెత్తగా ఉడికిన కీమా, కాలేయం, చేప తినే ఇళ్లలో వాటిని ఏడాది లోపే మొదలుపెట్టాలి. తినని ఇళ్లలో పప్పు, శనగలు, తోటకూర మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ సిరప్ ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు వారానికి రెండుసార్లు, మిల్లీలీటరు చొప్పున వేయాలి. మట్టి, సుద్ద, గోడ పెచ్చులు నోట్లో పెట్టుకునే బిడ్డను కొట్టడం కన్నా రక్తపరీక్ష చేయించడం మేలు. ఆ అలవాటు వెనక తరచుగా ఇనుము లోపం ఉంటుంది.

తిండి ఎంత మెత్తగా ఉండాలన్నదీ ముఖ్యమే. మిక్సీలో తిప్పిన జావలకే అలవాటైన పిల్లలు గట్టి ముద్దను నోట్లోనే ఉంచుకుని గంటసేపు తిప్పుతుంటారు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, పది నెలలు దాటాక గానీ పలుకు తగిలే తిండి ఎరుగని పిల్లలకు పదిహేనో నెలలో తినిపించడం ఎక్కువ కష్టమైంది. చేత్తో చిదిమిన అన్నం, మెత్తటి ఇడ్లీ, ఉడికిన బంగాళాదుంప ముక్క ఏడాది లోపే అలవాటు చెయ్యాలి. నమిలే దవడ పళ్లు మాత్రం ఏడాది దాటిన తర్వాతే వస్తాయి. అందుకని వేరుశనగ గుళ్లు, పుట్నాలు, గుండ్రటి ద్రాక్షపళ్లు అలాగే ఇవ్వకూడదు. ఊపిరి గొట్టంలో ఇరుక్కునే వాటిలో వేరుశనగ గింజది ముందు వరస. పల్లీలు పొడి చేసి, ద్రాక్ష నిలువునా కోసి పెట్టాలి. తినేటప్పుడు బిడ్డ ఒకచోట కూర్చుని ఉండాలి, పరిగెడుతూ కాదు.

బిడ్డకు తిండి సరిపోతోందో లేదో చెప్పేది కంచం కాదు, తూకం. అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూసి మాతా శిశు రక్షణ కార్డులో గీసే గీతను గమనించాలి. పక్కింటి బిడ్డ కన్నా సన్నగా ఉన్నా, గీత తన దారిలో పైకి సాగుతుంటే కంగారు అక్కర్లేదు. రెండు మూడు నెలలు గీత అడ్డంగా ఉండిపోయినా, కిందికి వంగినా, తిన్నప్పుడల్లా పొలమారుతున్నా, వాంతులో విరేచనాలో వదలకపోయినా, బిడ్డ ఆటలు మాని మందకొడిగా పడుకుంటున్నా, మూడు నాలుగు రకాలు తప్ప వేరే ఏ తిండీ దగ్గరికి రానివ్వకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి. జ్వరం వచ్చిన వారం ఆకలి పోవడం మామూలే. జ్వరం తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.