హెచ్చరిక లేఖ – పరుల హక్కు



టోరెంట్ ద్వారా సినిమాలు, పుస్తకాలు దింపుకునేవారికి కొన్ని దేశాల్లో ఇంటర్నెట్ సంస్థ నుండి కాపీరైట్ హెచ్చరిక వస్తుంది. “మేము ఎవరికీ పంచలేదే!” అని వారు ఆశ్చర్యపోతారు. అయితే టోరెంట్‌లో మనం దింపుకుంటున్న భాగాలే అదే సమయంలో ఇతరులకూ చేరుతుంటాయి. మన ఐపీ చిరునామా అందులో కనిపిస్తుంది. హక్కుదారుడు దానిని గుర్తించి సంస్థకు ఫిర్యాదు చేస్తాడు. బిడ్డ దింపినా, లేఖ వచ్చేది కనెక్షన్ ఉన్న తండ్రి పేరిటే.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు 3 సంవత్సరాల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. రచనాహక్కు షరీఅత్ రక్షణ గల హక్కేననీ, దానిని అతిక్రమించరాదనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1988లో కువైట్‌లో తీర్మానించింది.

కొందరు పుణ్యమని తలచి ధార్మిక గ్రంథాలను అనుమతి లేకుండా పంచుతారు. సంకల్పం మంచిదైనంత మాత్రాన పరుల సొమ్ము మనదైపోదు. రచయిత స్వయంగా ఉచితంగా ఇచ్చినవాటిని నిస్సంకోచంగా పంచండి. లేఖ వస్తే ముందు అది నిజమైనదో కాదో విచారించండి. నిజమైతే పంచడం ఆపి, ఫైలు తొలగించండి. లేఖ రాకపోయినా, పరుల హక్కు హక్కే.

పరుల హక్కులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.