నిలిచే మెట్లు – నడిచే మెట్లు

ఎస్కలేటర్ ఆగిపోతే ఏమవుతుంది? “ఏమున్నది, మామూలు మెట్లవుతాయి, ఎక్కి పోవచ్చు” అని చాలమంది భావిస్తారు. కదలిక ఒక్కటే ఈ రెండింటికీ భేదమైతే ఆ మాట నిజమే అయ్యేది. కాని అవి పుట్టుకలోనే వేరు.

మెట్ల కొలత మనిషి అడుగునుండి పుట్టింది. ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లాండెల్ 17వ శతాబ్దంలోనే దీనికొక సూత్రం చెప్పినాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, కాలు మోపే చోటి వెడల్పును దానికి కలిపితే, మనిషి సహజంగా వేసే అడుగు పొడవు రావాలి. నేటి లెక్కలో అది 60 నుండి 64 సెంటీమీటర్లు. ఇళ్లలో, విద్యాలయాలలో మెట్టు ఎత్తు సాధారణంగా 15 నుండి 18 సెంటీమీటర్లు ఉండటం ఇందువల్లనే. అన్ని మెట్లూ ఒకే ఎత్తున ఉండాలన్నది మరొక నియమం. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తును కంఠస్థం చేసుకుంటుంది. ఆపైన కంటితో పని లేదు. ఒక్క మెట్టు వేలెడు హెచ్చినా మనిషి తూలుతాడు. 1591లో వెలసిన చార్మినారులో చుట్టు తిరుగుతూ పైకి పోయే 149 మెట్లు ఎక్కినవారికి, మెట్టు లోపలి అంచున ఇరుకై బయటి అంచున వెడల్పైతే కాలు ఎంత జాగ్రత్తపడవలసి వస్తుందో తెలుసు.

ఎస్కలేటర్ కొలత యంత్రానిది. జెస్సీ రీనో అనే అమెరికా ఇంజనీరు 1892లో పేటెంటు పొంది, 1896లో న్యూయార్కు కోనీ ఐలండులో నెలకొల్పినది మెట్లు లేని ఏటవాలు పట్టీ మాత్రమే. 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఓటిస్ కంపెనీ మెట్లతో కూడిన ఎస్కలేటర్‌ను చూపింది. ఇందులో ప్రతి మెట్టూ చక్రాలున్న ఒక చిన్న బండి. ముందు చక్రాలకొక పట్టా, వెనుక చక్రాలకొక పట్టా. ఆ రెండు పట్టాల మధ్య ఎడం మారినప్పుడు మెట్లు లేస్తాయి, చివరలకు వచ్చేసరికి చదునవుతాయి. సైకిలు గొలుసువలె అవే మెట్లు అడుగునుండి తిరిగి వస్తాయి.

ఈ మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లకు మించి ఉంటుంది. వెడల్పు 40కి దగ్గర. బ్లాండెల్ సూత్రంలో వేసి చూడండి, మొత్తం 80 దాటుతుంది! పైగా మొదటా చివరా మెట్ల ఎత్తులు సమంగా ఉండవు. నిలిచిన ఎస్కలేటర్ రెండు నియమాలనూ తప్పుతున్నదన్నమాట. మనస్సు చేసే చిత్రం మరొకటి. కదిలే వేదికపైకి పలుమార్లు అడుగుపెట్టినవారు, అది ఆగి ఉన్నదని తెలిసి కూడా, మరల ఎక్కేటప్పుడు ముందుకు తూలినట్లు రేనాల్డ్స్, బ్రాన్‌స్టైన్ అనే పరిశోధకులు 2003లో చూపినారు.

మెట్రో స్టేషనులో ఒక వృద్ధురాలు ఎస్కలేటర్ ముందు సందేహించి నిలిస్తే వెనుకవారు విసుక్కుంటారు. సెకనుకు అర మీటరు చొప్పున జారిపోయే అంచుపై పాదం మోపడానికి సందేహించటం అజ్ఞానమా? నాకు అది వివేకంగానే తోస్తుంది.

అగ్నిప్రమాదంలో ఈ భేదం ప్రాణాలమీదికి వస్తుంది. 1987 నవంబరు 18న లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషనులో, కొయ్యతో చేసిన ఎస్కలేటర్ క్రింద పేరుకున్న జిడ్డు, చెత్త అంటుకున్నవి. ఏటవాలు కాలువవంటి ఆ మార్గంలో మంట ఒక్కసారిగా పైకి పరుగెత్తి, టికెట్ల హాలును చుట్టుముట్టింది. 31 మంది మరణించారు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి లిఫ్టులను, ఎస్కలేటర్లను బయటపడే మార్గాలుగా లెక్కించదు. కట్టడంలో ఎన్ని ఎస్కలేటర్లున్నా, తప్పించుకొనే దారికి మెట్లు వేరుగా ఉండవలసిందే. ఆ మెట్లదారిలో సామానులు పేర్చి, తలుపుకు తాళం వేసే దుకాణదారులు ఈ సంగతి ఎరుగరో, ఎరిగియు లక్ష్యపెట్టరో!

ఇక నిత్యం ఎక్కేవారి మాట. చీర కుచ్చిళ్లు, బురఖా అంచు, మెత్తని రబ్బరు చెప్పులు పక్క సందులోనూ, చివరి దువ్వెన పళ్లలోనూ చిక్కే ప్రమాదమున్నది. పై చివరా క్రింది చివరా ఒక ఎర్రని బొత్తాము ఉంటుంది. ఎవరి వస్త్రమైనా చిక్కినప్పుడు దానిని ఎవరైనా నొక్కవచ్చు. అయితే యంత్రం ఆగగానే పైనున్నవారు తూలుతారు గనుక, “పట్టీ పట్టుకోండి” అని కేక వేసి నొక్కాలి.