తొలి ట్రిప్పుకు ముందు ఇంటి లెక్క

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే 565వ జాతీయ రహదారి ఎత్తిపోతల పక్కగా సాగుతుంది. చంద్రవంక నది 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి పడే చోటును చూడ్డానికి వచ్చే కార్లు అక్కడ పక్కదారి పడతాయి. సిమెంటు, నాపరాయి, మిర్చి బస్తాలు వేసుకున్న లారీలు ఆగకుండా పోతుంటాయి. పల్నాడులో లోడుకు కొదవ లేదు. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే వచ్చింది, దాచేపల్లి వైపు మరికొన్ని వెలిశాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు పేరు. ఇక్కడి మిర్చి గుంటూరు యార్డుకు చేరి, అక్కడినుంచి ఢిల్లీ దాకా వెళుతుంది. అందుకే పదో తరగతితో చదువు ఆగిన కుర్రాడికీ, కౌలు మిర్చి దెబ్బతీసిన ఇంటి కొడుక్కీ హెవీ లైసెన్సు ఒక దారిగా కనిపిస్తుంది. మంచి దారే. ఊరి పంట ఊరు దాటాలంటే ఎవరో ఒకరు ఆ స్టీరింగ్ పట్టాలి. కానీ బండి నడపడం నేర్పేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు, ఆ బతుకు లెక్క నేర్పేవాళ్ళు దొరకరు. కొత్త డ్రైవర్లు రోడ్డు మీద కంటే ముందు దెబ్బతినేది ఈ లెక్కలోనే అని నా నమ్మకం.

మొదట కాలం ఖర్చు చూడాలి. 18 ఏళ్ళకు కారు లైసెన్సు వస్తుంది. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. డ్రైవింగ్ స్కూలు ధ్రువపత్రం కావాలి, ఫీజులు కట్టాలి. ఏపీఎస్‌ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. లైసెన్సు చేతికొచ్చినా తొలిరోజే పెద్ద బండి ఎవరూ ఇవ్వరు. కొన్నాళ్ళు క్లీనర్‌గానో, సీనియర్ పక్కన సెకండ్ డ్రైవర్‌గానో తిరగాల్సిందే. ఆ కాలమంతా రాబడి తక్కువ, ఇంటి ఖర్చు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. లైసెన్సు కోసం అప్పు చేసినవాడికి వడ్డీ కూడా ఆ నెలల్లోనే మొదలవుతుంది.

బండి ఎక్కాక వచ్చే చిక్కు వేరు. గుంటూరు నుంచి ఢిల్లీ దాదాపు 1,800 కిలోమీటర్లు. నిండా లోడున్న పెద్ద లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఒకవైపుకే 450 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 90 రూపాయలని వేసుకున్నా 40,500. దీనికితోడు పంచర్లు, కాటా, హమాలీ, దారిలో రిపేర్లు, తిండి. టోలు ఫాస్టాగ్‌లోనూ డీజిల్ కొంత కార్డులోనూ పోతున్నా, ఇప్పటికీ చాలా చోట్ల ఓనరు డ్రైవరు చేతిలో వేలల్లో నగదు పెట్టి పంపుతాడు. నెలకు పదివేలు కూడా కళ్ళజూడని కుర్రాడి జేబులో ఒక్కసారిగా పాతిక వేలుంటాయి. ఆ డబ్బు బండిది. అందులోంచి ఇంటికి రెండు వేలు పంపితే, ట్రిప్పు లెక్క చూసే రోజున అవి జీతంలోంచి పోతాయి. జీతం తగ్గింది కాబట్టి తరువాతి ట్రిప్పుకు అడ్వాన్సు అడుగుతాడు. అడ్వాన్సు తీరేదాకా ఆ ఓనరును వదిలి వెళ్ళలేడు. మంచి ఓనరైతే సర్దుకుపోతుంది, కాకపోతే చెప్పిన కూలికే నోరు మూసుకుని నడపాలి. ఈ గొలుసు మొదటి రెండు నెలల్లోనే పడుతుంది. పడ్డాక తెంచుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

దీనికి మందు బండి ఎక్కకముందే వేసుకోవాలి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ముసలివాళ్ళ మందులు, డ్వాక్రా వాయిదా, అన్నీ కలిపి ఎంతో లెక్కగట్టి బ్యాంకులో ఉంచాలి. అంత కూడకపోతే ఇంకో సీజను ఊళ్ళోనే ట్రాక్టరు తోలో, సిమెంటు ఫ్యాక్టరీ చుట్టుపక్కల దగ్గరి ట్రిప్పులు తిప్పో కూడబెట్టుకోవడం మేలని చెబుతాను. ఆలస్యమైందని బాధపడక్కర్లేదు, రోడ్డు ఎక్కడికీ పోదు. ఆ డబ్బు ఇంట్లో ఉన్నవాళ్ళ చేతికి అందే ఖాతాలో ఉండాలి. భర్త నాగపూర్ దగ్గర టైరు మార్చుకుంటుంటే, ఇక్కడ బిడ్డకు జ్వరం వచ్చిన ఇల్లాలు ఏటీఎం పిన్ను కోసం ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు. డ్రైవరుకు ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా ఉండాలి. ట్రిప్పు డబ్బుకు ఖాతా కూడా వద్దు, విడిగా ఒక కవరు, ఒక చిన్న నోటుపుస్తకం చాలు. చిల్లర ఖర్చు కూడా రాసుకున్న డ్రైవరుకు లెక్కల రోజున గొడవ తక్కువ.

ఓనరుతో ముందే తేల్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మొహమాటం వల్ల చాలామంది అడగరు. అన్నిటికంటే పెద్దది యావరేజ్. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని ఓనరు ఒక మాట అనుకుంటాడు, తగ్గితే తేడా జీతంలో కోస్తాడు. పాత ఇంజనుకు, ఘాట్ రోడ్డుకు, ఓవర్‌లోడుకు ఆ లెక్క రాదు. ఏ దారికి ఎంత అన్నది బండి ఎక్కకముందే మాట్లాడుకోవాలి. రెండోది హాల్టింగ్. అన్‌లోడింగ్ దగ్గర రెండు మూడు రోజులు ఆగిపోతే బండి నడవదు, డ్రైవరు మాత్రం తినాలి కదా. ఆ రోజులకు బత్తా ఉందా లేదా? మూడోది జరిమానా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000. లోడు వేయించింది ఓనరో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసో అయినా, రోడ్డు మీద దొరికేది డ్రైవరే. కాటా చీటీ చూడకుండా బండి కదపకపోవడం అతని హక్కు, ఆ హక్కు వాడుకున్నవాణ్ణి తప్పుపట్టే ఓనరు దగ్గర పని చేయకపోవడమే మంచిది.

ఇప్పుడు అందరూ తప్పించుకునే మాట, ప్రమాదం. అశుభమని ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణానికీ పూర్తి అంగవైకల్యానికీ 2 లక్షలు ఇస్తుంది. 50 ఏళ్ళలోపు చేరగలిగే జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు, మరణం ఏ కారణంగా వచ్చినా మరో 2 లక్షలు. రెండూ కలిపి ఏడాదికి 456. బీమా సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, డబ్బు ఖాతాలోంచి దానంతటదే కోతపడుతుంది. మే నెలాఖరుకు ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, లైన్ మీద ఉన్నవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఆ నెలలో ఖాతా చూసే బాధ్యత ఇంట్లోవాళ్ళే తీసుకోవాలి. నామినీ పేరు కూడా సరిచూసుకోవాలి, పెళ్ళికి ముందు రాసిన పేరు అలాగే ఉండిపోయిన ఖాతాలు ఎన్నో.

అంతకంటే పెద్ద రక్షణ ఒకటుంది, మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. పని చేస్తూ ప్రమాదంలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో 1923 నుంచి ఉంది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. 25 ఏళ్ళవాడికి ఆ అంకె 216.91. 2020 నుంచి లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 15,000. అంటే 15,000 జీతమున్న 25 ఏళ్ళ డ్రైవరు కుటుంబానికి 7,500ను 216.91తో గుణిస్తే 16 లక్షల 26 వేల పైచిలుకు వస్తుంది. కానీ ఇతను ఫలానా ఓనరు దగ్గర ఇంత జీతానికి పనిచేశాడని చూపే కాగితం కావాలి. చేతికిచ్చిన నగదుకు సాక్ష్యం ఉండదు. జీతం కొంతైనా నెలనెలా బ్యాంకులో పడేలా అడగమనడానికి ఇదే అసలు కారణం. బండి ఇన్సూరెన్సులో డ్రైవరు, క్లీనరుకు కవరేజీ ఉందో లేదో పాలసీ కాపీ చూసి తెలుసుకోవాలి, ఆ కాపీ ఫొటో ఇంట్లో ఉన్నవాళ్ళ ఫోనులో కూడా ఉండాలి. ఇక 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద దేశంలో ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల చికిత్స డబ్బు కట్టకుండా అందుతుంది. 112కు ఫోను చేయాలని భాష రాని రాష్ట్రంలో ఉన్న కుర్రాడికి ముందే తెలిసుండాలి.

రెండేళ్ళు తిరిగాక ప్రతి డ్రైవరుకూ సొంత బండి ఆశ పుడుతుంది. ఫైనాన్స్ వాళ్ళు కూడా వెతుక్కుంటూ వస్తారు. తప్పు లేదు, పల్నాడులో ఇవాళ్టి ఓనర్లలో నిన్నటి డ్రైవర్లున్నారు. పన్నెండు టైర్ల కొత్త బండి 30 లక్షల పైమాటే, పాతదానికి ధర తక్కువైనా వడ్డీ ఎక్కువ. ఒక్కో టైరు సుమారు 20,000 అనుకుంటే సెట్టు మార్చడానికే రెండు లక్షలు దాటుతుంది. వానాకాలంలో సిమెంటు తగ్గుతుంది, మిర్చి సీజను అయిపోతే కిరాయిలు పడిపోతాయి, కంతు తేదీ మాత్రం కదలదు. కాబట్టి సంతకం పెట్టేముందు తాను రాసుకున్న ట్రిప్పు పుస్తకాలు ముందేసుకుని, అన్నిటికంటే పలచగా నడిచిన మూడు నెలల ఆదాయంలోంచి డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, ఇంటి ఖర్చు తీసేసి చూడాలి. మిగిలింది కంతుకు సరిపోకపోతే ఇంకో ఏడాది ఓనరు బండే నడపాలి.