కొండమీద ఒకే పొయ్యి

ఎనిమిది వేల అడుగుల ఎత్తున కందిపప్పు మామూలు గిన్నెలో ఉడకదు. పొద్దున వంట మొదలుపెట్టి పొయ్యిమీదికెక్కించిన పప్పు మధ్యాహ్నం అందరికీ ఆకలయ్యే వేళకి కూడా పలుకుగానే ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ. నీళ్ళు 100 డిగ్రీలదాకా పోకుండానే, 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా ఆవిరి పోతుందే తప్ప వేడి పెరగదు. కొలరాడోలో ఎస్టెస్ పార్కు దగ్గర మా కుటుంబమంతా కలిసి క్యాబిన్ తీసుకున్న మొదటి ఏడాది మా పెద్దత్త ఈ లెక్క ఒప్పుకోలేదు. "పప్పు పాతది. ఏ కొట్లో తెచ్చినావురా?" అని డల్లాస్ నుంచి సంచులు మోసుకొచ్చిన మా తమ్ముణ్ణి నిలదీసింది. పదో తరగతి చదివే మేనకోడలు ఫోన్లో గ్రాఫు తీసి చూపించి, అత్తకి వచ్చీరాని తెలుగులో గాలి ఒత్తిడి పాఠం చెప్పింది. ఆ పిల్ల అంతసేపు ఆగకుండా తెలుగు మాట్లాడటం మేమంతా అప్పుడే విన్నాం.

మన తెలుగు సంఘం సావనీరు సంపాదకులు ఆదివారంలోగా వ్యాసం కావాలన్నారు. "మన పిల్లలు, మన సంస్కృతి" అన్న అంశం కూడా వాళ్ళే ఇచ్చారు. ఆ పేరుతో మనం ఇదివరకే బోలెడు రాసుకున్నాం. ఈసారికి నన్ను కొండమీది వంటింటి సంగతి రాసుకోనివ్వమని అడిగాను. అంశం దాటిపోనని మాటిచ్చాను.

మాది మదనపల్లె పక్క పల్లె. మా చిన్నప్పుడు బంధువులంతా కలిసి వెళ్ళే కొండ ఒక్కటే, తిరుమల. దగ్గర్లోనే హార్స్‌లీ హిల్స్ ఉంది, చల్లగా ఉంటుంది. కానీ అది దొరలకీ సినిమావాళ్ళకీ అన్నట్టు ఉండేది మా పెద్దవాళ్ళ ధోరణి. ఊరికే చల్లగాలి కోసం ఎవరైనా డబ్బు ఖర్చుపెడతారా అనేవాడు తాత. మొక్కు ఉండాలి, లేకపోతే ఎవరికో పుట్టువెంట్రుకలు తీయించాలి. అప్పుడు కదులుతారు. తాత, అవ్వ, పెదనాయనలు, చిన్నాయనలు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు, పక్కింటి ముసలమ్మ కూడా. అలిపిరి నుంచి నడక. 3,500కు పైగా మెట్లు. మా చిన్నత్త ప్రతి మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చేది కాబట్టి మిగతావాళ్ళం గాలిగోపురం దగ్గర గంటల కొద్దీ కూర్చునేవాళ్ళం. చంటిపిల్లలు మేనమామల భుజాలమీద. చిత్రాన్నం గంప పెద్దమ్మ నెత్తిన, పెరుగన్నం డబ్బా ఆమె పెద్దకొడుకు చేతిలో. ఆ డబ్బా మరొకరు ముట్టుకోవడానికి లేదు, మోకాళ్ళ పర్వతం దాటేవరకు మూత తీయడానికీ లేదు.

సత్రంలో ఒకటో రెండో గదులు దొరికేవి. జంపఖానా పరిచి అందరూ వరసగా పడుకునేవారు. పొద్దున్నే గుండ్లు కొట్టించాక అసలు చిక్కు. పుష్కరిణి దగ్గర మగపిల్లలందరూ ఒక్కలాగే కనబడేవారు. తాత తలలు లెక్కపెట్టి, లెక్క తేలక, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒకసారి ఎవరి పిల్లవాణ్ణో మావాడనుకుని ప్రసాదం లడ్డు పెట్టి లాక్కొచ్చాడు కూడా. ఆ ప్రయాణాల్లో స్వామిని నేనెంతసేపు చూశానని అడిగితే చెప్పలేను, ఒక్క క్షణం ఉంటుందేమో. కానీ ఏ అత్తకి కోపమెక్కువో, ఏ చిన్నాయన దగ్గర అణాపైసలు రాలుతాయో, ఎవరికెవరు పడదో అక్కడే తెలిసింది. చుట్టరికం నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. డబ్బా ఎవరు మోస్తారు, చంటిదాన్ని ఎవరెత్తుకుంటారు, ముందెవరికి వడ్డిస్తారు అన్నదాంట్లో అది ఉండింది.

మన పిల్లలకి ఆ బరువులే లేకుండా పోయాయి. వాళ్ళకి మేనమామ అంటే పుట్టినరోజుకి గిఫ్టు కార్డు పంపే మనిషి. పెద్దమ్మ అంటే ఆదివారం వీడియోలో నుదురు మాత్రమే కనబడే మనిషి. మావాళ్ళే చూడండి, ఒకరు సియాటిల్, ఒకరు న్యూజెర్సీ, ఒకరు టొరొంటో, మేం డల్లాస్, పెద్దవాళ్ళు మదనపల్లె. పెళ్ళిళ్ళలో కలుస్తాం కదా అంటారు. పెళ్ళిలో కలవడం కలవడం కాదు. అక్కడ బట్టలు మార్చుకోవడానికే సమయం చాలదు, ఫొటోలకి నిలబడటంతో పొద్దుపోతుంది. అమ్మానాన్నలు ఉన్నన్నాళ్ళూ వాళ్ళ పేరుమీదైనా ఒకచోట చేరతాం. ఆ తర్వాత ఎవరింటి పండగ వాళ్ళది. చాలా ఇళ్ళలో ఇదే జరిగింది, పేర్లు చెప్పక్కర్లేదు.

క్యాబిన్ ఆలోచన మాది కాదు. మా చిన్న కోడలిది. ఆ అమ్మాయి నెబ్రాస్కా రైతుల బిడ్డ. వాళ్ళ ఇంటివాళ్ళు తాతముత్తాతల కాలం నుంచీ వేసవిలో ఒక వారం ఎస్టెస్ పార్కులో కలుస్తారట. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వెనకాల ఇంటిపేరు. మనకే ఉమ్మడి కుటుంబాలున్నాయనీ, అమెరికా వాళ్ళకి పద్దెనిమిదేళ్ళు నిండితే ఎవరి దారి వాళ్ళదేననీ వేదికలమీద చెప్పుకునే మనం ఈ ఒక్క విషయంలో వాళ్ళ దగ్గర బుద్ధిగా కూర్చుని నేర్చుకోవచ్చు. వాళ్ళు తేదీ ముందు ఖాయం చేస్తారు, వచ్చేవాళ్ళ సంగతి తర్వాత చూస్తారు. మనం అందరికీ కుదిరే తేదీ కోసం వాట్సాప్‌లో ఆరు నెలలు చర్చించి, చివరికి వచ్చే ఏడు చూద్దాం అనుకుంటాం.

ఆ స్థలం వైఎంసీఏ ఆఫ్ ద రాకీస్. 1907లో మొదలైంది. చుట్టూ రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు, అది ఏర్పడింది 1915లో. విడివిడి గదులూ ఉన్నాయి, ఒకే కప్పు కింద పెద్ద కుటుంబం మొత్తం పట్టే క్యాబిన్లూ ఉన్నాయి. క్రైస్తవుల సంస్థ కదా, మనల్ని రానిస్తారా అని మా నాన్న అడిగాడు. వెళ్ళాక చూస్తే పక్క క్యాబిన్లో గుజరాతీ కుటుంబం, ఆ పక్కన మెక్సికన్ కుటుంబం. సాయంత్రానికి మా ఊరిబిండి ఆ ఇంటికీ, వాళ్ళ తమాలేలు మా ఇంటికీ వచ్చాయి. మరుసటి ఏడు నాన్నే ముందుగా అడిగాడు, బుకింగ్ అయిందా అని.

ఇక వంట. విడి గదులు వద్దు, పెద్ద క్యాబినే కావాలి అనడానికి నాకున్న కారణం ఆ పొయ్యి. ఒకే వంటిల్లు ఉంటే అందరూ అక్కడికి రాక తప్పదు. పప్పు సంగతి కుక్కరుతో తేలిపోయింది. అది తన లోపలి ఒత్తిడి తనే పెంచుకుంటుంది కాబట్టి ఇంట్లోకంటే ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే చాలు. ఇన్‌స్టంట్ పాట్ వాళ్ళు మూడోవంతు సమయం ఎక్కువ పెట్టుకోవాలి. అన్నానికి నీళ్ళు కాస్త ఎక్కువ. ఇడ్లీపిండి మాత్రం ఏడిపించింది. జూలైలో కూడా రాత్రి చలి, పిండి పొంగదు, పాలు తోడుకోవు. అవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి పిండిగిన్నె, పెరుగుగిన్నె రాత్రంతా అందులో పెట్టే ఉపాయం మా వదినది. రాగి సంగటి కెలకడానికి తెడ్డు మర్చిపోతే మా అన్న క్రాఫ్ట్ షాపుకెళ్ళి, పిల్లలు బొమ్మలు చేసుకునే చోట చెక్క అడిగి తెచ్చి చెక్కాడు. నునుపు కాలేదు, పని జరిగింది. ఇప్పుడది ప్రతి ఏటా సామానుతో పాటు వస్తుంది. చెత్తమాత్రం జాగ్రత్త. అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. చెత్తడబ్బాలకి ఎలుగు తీయలేని గొళ్ళేలుంటాయి. ఆవకాయ జాడీ రాత్రి కారులో వదలడానికి లేదు.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళడానికి భయపడేవాళ్ళకి ఒక మాట. తిరుమల మూడు వేల అడుగులు కూడా లేదు. అక్కడెక్కినట్టు ఇక్కడ ఎక్కేస్తానంటే కుదరదు. డెన్వర్ 5,280 అడుగులు. అక్కడ ఒక రాత్రి ఆగండి. పైకెళ్ళిన మొదటి రోజు నడకలు పెట్టుకోవద్దు, నీళ్ళు బాగా తాగించండి. గుండె జబ్బు, ఊపిరి జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే బయల్దేరాలి. స్ప్రేగ్ లేక్ చుట్టూ అర మైలు చదునైన బాట ఉంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. మనవళ్ళు వాళ్ళ అవ్వని వంతులేసుకుని తోసుకెళ్ళారు. ఆవిడ నీళ్ళవతల మేస్తున్న ఎల్కుల్ని, అవి పెద్ద దుప్పుల్లాంటివే, చూసి ఈ గొడ్లు ఎవరివి అని అడిగింది. ఎవరివీ కావు అంటే నమ్మలేదు. అంత బలిసిన గొడ్డుకి యజమాని లేకపోవడమేమిటని ఆవిడ అనుమానం.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు చూడాల్సిందే. 12,183 అడుగుల దాకా కారులో ఎక్కవచ్చు. పదకొండు మైళ్ళ పొడవునా చెట్టన్నది మొలవని ఎత్తు. చలికాలమంతా మంచుతో మూసేసి మామూలుగా మే చివర తెరుస్తారు. వేసవి మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి. పొద్దున్నే పోయి, పన్నెండులోపు కిందికి దిగాలి. పార్కులోకి వెళ్ళే సమయం కూడా ముందే బుక్ చేసుకోవాల్సి రావచ్చు, చూసుకుని బయల్దేరండి. పొద్దున్నే లేవడానికి టీనేజి పిల్లలు ఒప్పుకోరు. మా ఇంట్లో తెల్లవారుజామున లేచేది నాన్న ఒక్కడే, కాఫీ కోసం. న్యూజెర్సీ మేనల్లుడు తల ఫోన్లోంచి ఎత్తడని వాళ్ళమ్మ ఏడుస్తుంటే, నాన్న వాణ్ణి డికాక్షన్‌కి పెట్టుకున్నాడు. ఇదేం శిక్ష అని మొదట్రోజు వాడు గొణిగాడు. తర్వాత తర్వాత ఇద్దరూ వరండాలో కూర్చుని ఏదో మాట్లాడుకునేవారు. ఏ భాషలో అని నన్నడగకండి, తాతకి వచ్చిన ఇంగ్లీషు ఎంతో, మనవడికి వచ్చిన తెలుగు అంతే. ఈ ఏడు వాడు కాలేజీలో చేరాడు. హాస్టల్‌కి స్టీలు ఫిల్టరు పట్టుకెళ్ళాడు.

అందుకే పిల్లలకి ప్రోగ్రాములు పెట్టకండి, పనులివ్వండి. క్యాబిన్లో కూడా టాలెంట్ షో, పద్యాల పోటీ పెట్టే తల్లిదండ్రులున్నారు. మన సంఘం వేదికమీద ఏడాది పొడవునా అదే చేస్తున్నాం కదా, కొండమీదైనా వదిలేయండి వాళ్ళని. మనబడి తరగతులు మంచివే, మా పిల్లలూ వెళ్ళారు. కానీ తరగతిలో నేర్చిన తెలుగుకి తిట్టడానికి మనిషి కావాలి, బతిమాలడానికి మనిషి కావాలి, చీట్లపేకలో మోసం చేశావని అరవడానికి మనిషి కావాలి. మా పిల్లలకి పేకాట నేర్పినందుకు మా వదిన ఇప్పటికీ నన్ను దెప్పుతుంది. నేనేమీ పశ్చాత్తాపపడటం లేదు.

పోయినవి పోయాయి. బావామరదళ్ళ సరసాలు ఈ పిల్లలకి అర్థం కావు, అవి వాళ్ళకి వద్దు కూడా. జంపఖానామీద వరసగా పడుకుని వినే కథలు పోయాయి, ఎవరి స్లీపింగ్ బ్యాగులో వాళ్ళు. చలిమంట చుట్టూ కూర్చుందామనుకుంటే కొన్ని వేసవుల్లో మంటలకి అనుమతి ఉండదు. 2020 అక్టోబరులో అడవులంటుకుని ఎస్టెస్ పార్కు ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది, ఆ నిషేధాన్ని తప్పుపట్టలేం. మేం బ్యాటరీ లాంతరు మధ్యలో పెట్టి కూర్చుంటాం. తిరుమలలో తాత లాక్కొచ్చిన గుండు పిల్లవాడి కథ మా నాన్న ఏటా చెబుతాడు, అది ఆయన చూసింది కాదు, నేను చూసింది. ఆయన కథలో ఆ పిల్లవాడు మా తమ్ముడైపోయాడు. ఎవరం సరిదిద్దం.

గొడవలూ అవుతాయి. డబ్బు దగ్గర తప్పకుండా అవుతాయి. సంపాదన బాగా ఉన్నవాళ్ళు ఎక్కువ పెట్టుకోవాలా, తలకింత అనుకోవాలా అని మా ఇంట్లో ఒక రాత్రంతా తేలలేదు. గిన్నెలెవరు కడుగుతున్నారు, ఎవరు ఫొటోలు మాత్రమే తీస్తున్నారు అన్నది ఇంకో గొడవ. మూడో రోజు పిల్లలకి విసుగొస్తుంది, వైఫై బాగా లేదంటారు. అప్పుడే వెనక్కి రాకండి. రెండు రాత్రుల వారాంతం పెట్టుకుంటే అందరూ మర్యాదగా ఉండి మర్యాదగా వెళ్ళిపోతారు. పోట్లాడుకుని మళ్ళీ కలిసి తినేంత సమయం కావాలంటే తక్కువలో తక్కువ ఐదు రాత్రులుండాలి.

కొలరాడోకే రమ్మనడం లేదు. అట్లాంటా వాళ్ళకి స్మోకీ పర్వతాలున్నాయి, బే ఏరియా వాళ్ళకి సియెర్రాలు, వర్జీనియా వాళ్ళకి షెనాండోవా. పెద్ద క్యాబిన్లు దాదాపు ఏడాది ముందే అయిపోతాయి కాబట్టి వచ్చే వేసవికి ఇప్పుడే మొదలుపెట్టండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే నెలల్లో తేదీ చూసుకోండి. ఒక్కరి పేరున బుక్ చేసి, ఆ తర్వాత మిగతావాళ్ళకి చెప్పండి. ఒక ఇంటివాళ్ళు రాలేమంటే వాయిదా వేయొద్దు, వచ్చేవాళ్ళతో వెళ్ళండి. రానివాళ్ళు మరుసటి ఏడు వస్తారు.