తిరుగు లోడు లెక్క

మిర్యాలగూడ నుంచి చెన్నైకి బియ్యం వేసుకెళ్లే లారీ ఒక కిరాయి చెబుతుంది. చెన్నై నుంచి మిర్యాలగూడకు రావడానికి అదే లారీ అంతకంటే తక్కువకు ఒప్పుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రోడ్డు అదే, కిలోమీటర్లు అవే, టోల్ గేట్లూ అవే. తేడా అంతా అటు వెళ్లాక ఏం దొరుకుతుందన్న దాంట్లోనే ఉంది.

సాగర్ ఎడమ కాలువ కింద పండే ధాన్యం మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై బయటి ఊళ్లకు పోతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. రెండూ బరువు సరుకులే, రెండూ బయటికి పోయేవే. లోపలికి అంత సరుకు రాదు. అందుకే ఇటు వచ్చే డ్రైవరుకు తిరిగి వెళ్లేటప్పుడు లోడు ఉంటుందన్న ధీమా. ఇక్కడినుంచి ఏ మారుమూల ఊరికో వెళ్లే డ్రైవరుకు ఆ ధీమా ఉండదు.

చిన్న లెక్క వేసుకుందాం. లోడు బండి లీటరుకు 4 కిలోమీటర్లు, ఖాళీ బండి 6 కిలోమీటర్లు నడుస్తుందనీ, డీజిల్ 100 రూపాయలనీ అనుకుందాం. 200 కిలోమీటర్ల దూరానికి వెళ్లేటప్పుడు డీజిల్ 5,000. ఖాళీగా తిరిగొస్తే ఇంకో 3,300 పైచిలుకు. తిరుగు లోడు దొరకదని తేలిపోతే ఈ 3,300 కూడా మీ కిరాయిలోనే పడుతుంది. దొరికే అవకాశం సగమైతే సుమారు 1,650 పడుతుంది. లెక్కల మాస్టారు దీన్ని సంభావ్యతతో కట్టిన సగటు అంటారు. డ్రైవరు కాగితం మీద వేయడు కానీ, నోటితో చెప్పే కిరాయిలో అది ఉంటుంది. కోతల కాలంలో కొనుగోలు కేంద్రాల దగ్గర ధాన్యం బస్తాలు పేరుకుపోయి లారీల కోసం ఎదురుచూస్తుంటే, ఆ సంఖ్యలన్నీ తారుమారవుతాయి. మీ పదిహేను బస్తాల పార్సిల్‌ను ఆ వారాల్లో ఎవరూ పట్టించుకోరు.

లారీకీ లోడుకూ యాప్‌లో జత కుదిర్చే ఆన్‌లైన్ బ్రోకర్ నిజంగా ఏమైనా ఆదా చేయగలిగితే అది ఈ 3,300లోనే. కోదాడలో లోడు, సూర్యాపేటలో ఇంకో లోడు ఉన్నాయనుకోండి. ఖాళీ లారీలు రెండు, ఒకటి మునగాలలో, ఒకటి నకిరేకల్‌లో. ముందు ఫోనెత్తింది మునగాల డ్రైవరని అతన్ని సూర్యాపేట పంపితే, నకిరేకల్ బండి సూర్యాపేటను దాటుకుంటూ కోదాడ దాకా ఖాళీగా పరుగెత్తాలి. రెండు లారీలకైతే కంటితో చూసి సరిచేయొచ్చు. వందల లారీలకు, వందల లోడ్లకు జత కుదర్చాలంటే గణితమే దిక్కు. 1955లో అమెరికా గణితవేత్త హెరాల్డ్ కూన్ దీనికో పద్ధతి చూపించాడు. ఇద్దరు హంగేరియన్ గణితవేత్తల పని ఆధారంగా చేశాడు కాబట్టి దానికి ‘హంగేరియన్ పద్ధతి’ అని పేరు పెట్టాడు. ఎంత మంచి పద్ధతైనా లారీలు, లోడ్లు తగినన్ని ఉన్న దారిలోనే పనికొస్తుంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద బాగా పనిచేసే యాప్ మీ సరుకు వెళ్లే ఊరికి చేతులెత్తేయొచ్చు. కాబట్టి మొదటి ప్రశ్న యాప్ ఎంత పెద్దదని కాదు, నేను పంపే ఊరి నుంచి ఇటు వచ్చే లోడ్లు దాని దగ్గర ఉన్నాయా అని.

ఈ యాప్ వ్యాపారంలో లాభం సంపాదించడం కూడా తేలిక కాదు. 2015లో సియాటిల్‌లో పుట్టి, గేట్స్, బెజోస్ లాంటివారి పెట్టుబడులతో 2022 నాటికి 380 కోట్ల డాలర్ల విలువకు ఎదిగిన కాన్వాయ్ అనే డిజిటల్ బ్రోకరేజీ, కిరాయిలు పడిపోయేసరికి 2023 అక్టోబరులో మూతపడింది. అదే 2015లో బెంగళూరులో మొదలైన బ్లాక్‌బక్ 2024 నవంబరులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అప్పటికి దాని రాబడిలో పెద్ద వాటా ఫాస్టాగ్ చెల్లింపులదీ, వాహనాల ట్రాకింగ్‌దీ. రోజూ ఒకే దారిలో ఫుల్ లోడు పంపే మిల్లుకు ఊళ్లోని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే మేలని నా అభిప్రాయం. అక్కడి బ్రోకరుకు డ్రైవర్లు పేరుపేరునా తెలుసు. కొత్త ఊరికి, అప్పుడప్పుడూ పంపేవారికే యాప్ అక్కరకొస్తుంది.

యాప్‌లో ఐదారుగురు ధర చెబితే చేయి తక్కువ ధర మీదికే పోతుంది. 1971లో ముగ్గురు అమెరికన్ చమురు ఇంజనీర్లు ‘విజేత శాపం’ గురించి రాశారు. చమురు క్షేత్రాల వేలంలో గెలిచేది తరచూ నిల్వను మరీ ఎక్కువగా అంచనా వేసినవాడేనని, గెలిచాక నష్టపోయేదీ అతనేనని వాళ్లు చూపించారు. లారీ వేలంలో ఇది తలకిందులుగా పనిచేస్తుంది. మరీ తక్కువ చెప్పినవాడు చాలాసార్లు ఖర్చు తప్పుగా లెక్కేసినవాడే. ఆ నష్టం పూడ్చుకోవడానికి సగం దారిలో హాల్టింగ్ చార్జీ అంటాడు, అన్‌లోడింగ్ దగ్గర హమాలీ మీదే అంటాడు, లేదా మీ లోడును కమీషన్ మీద ఇంకొకరికి అంటగడతాడు. ఆ చేతుల మార్పిడి పట్టుకోవడానికి ఒక దారుంది. 50,000 రూపాయలు దాటిన సరుకుకు సాధారణంగా ఈ-వే బిల్లు ఉండాలి, అందులో లారీ నంబరు ఉండాలి, దారిలో బండి మారితే నంబరూ మార్చాలి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే బండి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తెలుస్తాయి. ఇవన్నీ లోడు ఎక్కించకముందు చూడాల్సినవి.

పార్ట్ లోడు పంపేవారికి ఇంకో చిక్కు. 60, 50, 50 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పది కిలోల మరమరాలు ఉన్నాయనుకోండి. మూడు కొలతల్నీ గుణించి 5,000తో భాగిస్తే 30 కిలోలు. బిల్లు ఆ 30కే వస్తుంది. కొన్ని సంస్థలు 4,500తో భాగిస్తాయి, అప్పుడు 33 దాటుతుంది. లారీలో చోటు పట్టేది పెట్టె కాబట్టి ఇందులో అన్యాయం లేదు. కానీ కిలో ధర తక్కువని మురిసిపోయేముందు భాగించే అంకె ఎంతో అడగాలి.

ఇక సరుకు తడిసినా, పోయినా? 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో 2007లో కొత్త రోడ్డు రవాణా చట్టం వచ్చింది. అందులో ‘కామన్ క్యారియర్’ నిర్వచనంలోకి బ్రోకరు, ఏజెంటు కూడా వస్తారు. అయినా ‘మేము కేవలం వేదికే’ అని చిన్న అక్షరాల్లో రాసుకునే యాప్‌లున్నాయి. అందుకే బిల్టీ, అంటే సరుకు రసీదు, ఎవరి పేరు మీద ఇస్తున్నారో, దాని మీద క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడాలి. ఆ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కువ రిస్కుకు ఎక్కువ రేటు ముందే ఒప్పుకోకపోతే, పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. 1,800 కిరాయికి 60,000 రూపాయల బియ్యం పంపితే, అంతా పోయినా చేతికొచ్చేది మహా అయితే 18,000. మిగతాదానికి సరుకు ఇన్సూరెన్స్ విడిగా చేయించుకోవాలి. దావా వేయాలంటే ముందు 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ రోజులు లెక్కపెట్టేది నష్టం బయటపడ్డ నాటి నుంచి కాదు, సరుకు బుక్ చేసిన నాటి నుంచి.